ముదురు గుడ్డు, నిఖార్సైన జాతి: మరాన్ కోళ్ల వంశాన్ని నిలబెట్టే పద్ధతి

ముదురు గోధుమ గుడ్ల కోసం జాతికోళ్లు పెంచేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు ఒక్కటే: పుంజు గుడ్డు పెట్టదు. పెట్ట సత్తా ఎంతో గూట్లో గుడ్డు చూస్తే తెలిసిపోతుంది. పుంజు తన కూతుళ్లకు ఏ రంగు ఇస్తుందో మాత్రం ఆ కూతుళ్లు గుడ్డుకొచ్చేదాకా బయటపడదు. మంచి పెట్టలున్న మందలో కూడా రెండు మూడు తరాలకల్లా గుడ్లు పాలిపోయాయంటే, ఈకలు బాగున్నాయని ఎంచుకున్న పుంజే దానికి కారణమై ఉండడం చాలా మామూలు. కనపడని ఆ సగాన్ని పట్టుకునే దారే ఈ మార్గదర్శి.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్న జాతి మరాన్. పశ్చిమ ఫ్రాన్స్‌లో లా రోషెల్ దగ్గరి మరాన్ పట్టణం పేరే దీనికీ వచ్చింది. వెల్సమర్, బార్నెవెల్డర్, పెనెదెసెంకా జాతులకూ పద్ధతి ఇదే, జాతి ప్రమాణం మాత్రం దేనిది దానికే.

రంగు ఎప్పుడు, ఎక్కడ పడుతుంది

గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో సుమారు 20 గంటలు పెంకు గ్రంథిలోనే గడుస్తాయి. పెంకు మొదట తెల్లగానే కడుతుంది. చివరి కొద్ది గంటల్లో ప్రోటోపార్ఫిరిన్ అనే గోధుమ వర్ణద్రవ్యం పెంకు పైపొరలోకీ, దానిమీది క్యూటికిల్ అనే సన్నని పొరలోకీ చేరుతుంది. గోడ కట్టాక పైన సున్నం కొట్టినట్టన్నమాట.

ముదురు మరాన్ గుడ్డొకటి పగలగొట్టి పెంకు లోపలి వైపు చూడండి. పైన ఎంత ముదురుగా ఉన్నా లోపల తెల్లగానే ఉంటుంది. పెట్ట అప్పుడే పెట్టిన గుడ్డు ఇంకా తడిగా ఉండగా దాని గోరు తగిలితే సన్నని లేత గీత పడి అలాగే ఆరిపోతుంది. తడి గుడ్డతో గట్టిగా రుద్దితే రంగు గుడ్డకు అంటుకుంటుంది. నీలి గుడ్ల సంగతి వేరు. వాటిలోని బిలివర్డిన్ అనే వర్ణద్రవ్యం పెంకు మందమంతా పాకి లోపలి వైపు కూడా కనపడుతుంది.

ఈ రంగు పైపూత అని తెలిస్తే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి. పెట్ట బెదిరి గుడ్డు ముందే పెట్టేస్తే పూత పూర్తికాక రంగు తేలిపోతుంది. గుడ్డు లోపల ఎక్కువసేపు ఆగిపోతే పైన సుద్దపొడి లాంటి కాల్షియం పొర పడి బూడిదరంగు ముసుగు వేసినట్టుంటుంది. రోజు తప్పకుండా పెట్టే పెట్ట కంటే రోజు విడిచి రోజు పెట్టే పెట్ట గుడ్డు ముదురుగా ఉండడానికి కారణమూ ఇదే. ముదురు రంగూ కావాలి, ఏడాదికి 280 గుడ్లూ కావాలి అనుకునేవాళ్లకు ఈ జాతి కాదు.

ముందు ప్రమాణం ఎంచుకోండి

మరాన్‌కు ఒకటి కంటే ఎక్కువ ప్రమాణాలున్నాయి. ఫ్రాన్స్‌లో మరాన్ క్లబ్ 1929లో ఏర్పడింది. ఫ్రెంచ్ ప్రమాణంలో కాళ్లకు పలచగా ఈకలుంటాయి, అదీ కాలి బయటి వైపూ బయటి వేలి మీదా మాత్రమే. బ్రిటన్‌లో పెరిగిన మరాన్‌కు కాళ్లు నున్నగా ఉంటాయి. అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ 2011లో మరాన్‌ను తన ప్రమాణ గ్రంథంలోకి తీసుకుంది, అదీ ఈకల కాళ్లతోనే. ఈ రెండు రకాలనూ కలిపితే పుట్టే సంతానం ఏ ప్రమాణానికీ సరిపోదు. ఒకదాన్ని ఎంచుకుని దాని ప్రతి తెచ్చుకోండి, మంద దగ్గరే ఉంచుకోండి.

ఫ్రెంచ్ క్లబ్ రంగుపట్టిక 1 నుంచి 9 దాకా ఉంటుంది. 4, ఆ పైన వచ్చిన గుడ్డునే మరాన్ గుడ్డు అంటారు. 9 దాదాపు నల్లబడిన చాక్లెట్ రంగు. 4కి తక్కువ పెట్టే పెట్ట ఎంత అందంగా ఉన్నా సంతతికి పనికిరాదు. ఇందులో బేరం లేదు.

నలుపు-రాగి రకంలో చూడాల్సినవి ఇవి. తురాయి ఒంటిరేకుగా, నిటారుగా ఉండి, దాని వెనక కొన మెడకు అంటకూడదు. చెవితమ్మెలు ఎర్రగా, కళ్లు నారింజ-ఎరుపుగా, అరికాళ్లు తెల్లగా ఉండాలి. తోక ఎత్తు 45 డిగ్రీలకు మించకూడదు. పుంజు మెడ ఈకలూ నడుం ఈకలూ రాగిరంగులో మెరవాలి, రొమ్ము నల్లగా ఉండాలి, అక్కడక్కడా రాగి చుక్కలుంటే పరవాలేదు. పెట్టకు ఒంటినిండా నలుపు, మెడలో రాగి గీతలు. బరువు పెద్ద పుంజు 3.5 నుంచి 4 కిలోలు, పెద్ద పెట్ట 2.6 నుంచి 3.2 కిలోలు.

చెవితమ్మె రంగును బట్టి గుడ్డు రంగు చెప్పొచ్చనే నమ్మకం బాగా ప్రచారంలో ఉంది. కతలోనియాకు చెందిన పెనెదెసెంకాకు చెవితమ్మె తెలుపు, అది పెట్టే గుడ్డు మాత్రం ముదురు గోధుమ. ఆ సూత్రం అక్కడితో చెల్లిపోయింది. మరాన్‌లో తెల్ల మచ్చ తప్పే, కాని అది జాతి రూపానికి సంబంధించిన తప్పు, గుడ్డు రంగుకు గుర్తు కాదు.

మొదటి అడుగు: మూల మంద

గుడ్ల కంటే పెరిగిన కోళ్లు కొనడం మేలు. కోళ్ల కంటే, నాలుగేళ్ల లెక్క రాసిపెట్టిన మనిషి దగ్గర కొనడం ఇంకా మేలు. అమ్మేవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి: ఈ పుంజు తల్లి గుడ్డు పట్టికలో ఎంత? దాని అక్కచెల్లెళ్ల గుడ్లు ఎంత? ఆ అంకె వేసింది గుడ్డుకొచ్చిన కొత్తలోనా, గుడ్లు పెట్టే కాలం చివరా? మూడోదానికి జవాబు రాకపోతే అక్కడ కనపడే గుడ్డు ఫోటోకు విలువ లేదు. పడుచు పెట్ట తొలినాటి గుడ్లే మామూలుగా దాని జీవితంలో అతి ముదురు గుడ్లు.

ఒక పుంజు, పది పెట్టలతో మొదలుపెడితే మంద చూపుకు పెద్దదే, రక్తం లెక్కలో చిన్నది. లెక్క ఇలా వేస్తారు: పుంజుల సంఖ్యను పెట్టల సంఖ్యతో, దాన్ని 4తో గుణించి, మొత్తం కోళ్ల సంఖ్యతో భాగించాలి. 1 పుంజు, 10 పెట్టలైతే 40ని 11తో భాగిస్తే సుమారు 3.6. ప్రతి తరంలో పెరిగే రక్తసంబంధం, 1ని ఆ అంకెకు రెట్టింపుతో భాగిస్తే వస్తుంది, ఇక్కడ దాదాపు 14 శాతం. అదే 3 పుంజులు, 15 పెట్టలైతే 180ని 18తో భాగిస్తే 10, అంటే తరానికి 5 శాతం. అందుకే మూడు గుంపులకు తగ్గకుండా మొదలుపెట్టాలని పట్టుబట్టేది.

రెండో అడుగు: ఏ గుడ్డు ఎవరిదో తెలియాలి

ఇది లేకుండా ముందుకెళ్లడం అనవసరం. గూట్లో నాలుగు ముదురు గుడ్లు, రెండు లేత గుడ్లు ఉన్నాయంటే ఏమీ తెలిసినట్టు కాదు.

మంచి సాధనం తలుపు గూడు. పెట్ట లోపలికి అడుగుపెట్టగానే దాని వీపు తగిలి తలుపు వాలిపోతుంది. మీరు వచ్చి విడిపించేదాకా అది బయటికి రాలేదు. ముగ్గురు నలుగురు పెట్టలకు ఒక గూడు ఉండాలి. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా గంట, గంటన్నరకోసారి చూడాలి. ఎండలు మండే రోజుల్లో ఇంకా త్వరగా చూడకపోతే పెట్ట వేడికి సొమ్మసిల్లుతుంది, బెదిరిన పెట్ట మర్నాడు నేలమీద పెడుతుంది. అంత తీరిక లేకపోతే వంతులవారీగా ఒక్కో పెట్టను వారం రోజులు విడి గదిలో ఉంచండి. చోటు మారగానే రెండు మూడు రోజులు గుడ్డు ఆపేయొచ్చు, రంగు కూడా చెదరొచ్చు, కాబట్టి కుదురుకున్న తర్వాతి గుడ్లనే లెక్కలోకి తీసుకోండి.

గుడ్డు తీసిన వెంటనే పెట్ట నంబరు, తేదీ మెత్తటి పెన్సిలుతో మొద్దు కొన మీద రాయాలి. ఇంకు పెన్ను వాడొద్దు. బరువు గ్రాముల్లో నోట్‌బుక్కులో ఎక్కించండి.

అంకె వేసే పద్ధతి ఎప్పుడూ ఒకేలా ఉండాలి. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర, పగటి వెలుతురులో, ఒకే పట్టికతో, ఆరిన గుడ్డుకు వేయాలి. ఫోను తెర మీద పట్టిక పెట్టుకుని పోల్చడం మానేయండి, తెర వెలుతురు మార్చినప్పుడల్లా అంకె మారుతుంది. నమూనాగా ఖాళీ పెంకులు దాచుకునేవాళ్లు మూతపెట్టిన చీకటి డబ్బాలో ఉంచాలి. వెలుతురులో ప్రోటోపార్ఫిరిన్ వెలిసిపోతుంది, ఏడాది బల్లమీద ఉన్న 7వ అంకె పెంకు మిమ్మల్ని మోసం చేస్తుంది.

ప్రతి పెట్టకూ మూడుసార్లు అంకె వేయండి: గుడ్డుకొచ్చాక 5 నుంచి 10వ గుడ్డు మధ్య, మూడు నెలలయ్యాక, ఈకలు రాల్చడానికి ముందు. ప్రతిసారీ ఐదు గుడ్ల సగటు తీయండి. ఉదాహరణకు ఒక పెట్ట 8తో మొదలై 4కి జారింది, మరొకటి 7తో మొదలై కాలం చివర 6 దగ్గర నిలిచింది అనుకుందాం. సంతతికి రెండోదే కావాలి. రంగు నిలవడం కూడా వంశంలో వచ్చే గుణమే. మొదటి గుడ్డు చూసి మురిసిపోయేవాళ్లు దీన్నే వదులుకుంటున్నారు.

మూడో అడుగు: ఒళ్లు చూడడం

రంగు ఒక్కదాని వెంటే పడితే నాలుగు తరాల్లో సన్నటి వీపు, ఎత్తు తోక, చిన్న గుడ్డు ఉన్న కోళ్లు మిగులుతాయి. కోడిని చేత్తో పట్టుకోకుండా ఎంపిక జరగదు. రెక్కల మీదుగా రెండు చేతులతో ఎత్తి, భుజాల దగ్గర వెడల్పు, అదే వెడల్పు నడుం దాకా ఎంత నిలిచిందో చూడండి. రొమ్ము ఎముక వెంట వేలు జార్చండి, వంకర ఉంటే అక్కడే తెలుస్తుంది. గుడ్డు పెడుతున్న పెట్టకు కటి ఎముకల మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి.

తర్వాత నేలమీద వదిలి దూరం నుంచి చూడండి. తోక ఒక పక్కకు ఒరగడం, రెక్క విప్పితే మధ్యలో చీలిక ఉండడం, తురాయి పక్కన కొమ్మలా మొలవడం, అడ్డదిడ్డం ముక్కు, ఇవేవీ సర్దుకుపోవాల్సినవి కావు. మధ్యవేలి మీద ఈకలు దట్టంగా ఉండడం ఒక తప్పు, ఈకల కాళ్ల మందలో పూర్తిగా నున్నటి కాళ్లు మరొకటి.

పసుపు కాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. నల్లరకాల్లో కాలు బూడిదరంగుగా ఉండడం వల్ల పసుపు కిందే దాగిపోతుంది. అరికాలు తిప్పి చూడండి, అక్కడ పసుపు దాగదు. తెల్ల చర్మం గుణం పసుపును అణచివేస్తుంది, కాబట్టి తెల్ల అరికాళ్ల జంటకు పసుపు కాళ్ల పిల్ల పుట్టిందంటే ఆ తల్లీ తండ్రీ ఇద్దరూ దాన్ని లోపల మోస్తున్నట్టే. అనుమానం ఉన్న పుంజును పసుపు కాళ్ల పెట్టతో కలిపి పరీక్షించవచ్చు. వరుసగా 7 పిల్లలూ తెల్ల అరికాళ్లతో పుడితే, మోస్తున్న పుంజు అలా తప్పించుకునే అవకాశం 128లో 1. ఆ పిల్లలన్నీ తల్లి పసుపును లోపల మోస్తాయి కాబట్టి వాటిని మాత్రం సంతతిలోకి రానివ్వకూడదు.

నాలుగో అడుగు: జంటలు కట్టడం

ఒకే తప్పు ఉన్న రెండు కోళ్లను కలపకూడదని అందరూ చెబుతారు. అంతకంటే ముఖ్యమైనది, తప్పును ఎదురు తప్పుతో సరిదిద్దకూడదు. తోక మరీ ఎత్తుగా ఉన్న పెట్టకు తోక వాలిన పుంజును కడితే సగం పిల్లలు అటూ సగం ఇటూ అవుతాయి, సరైన తోక ఇద్దరిలో ఎవరి దగ్గరా లేదు కదా. ఎత్తు తోకకు సరైన తోకే మందు.

ఈకల రంగుల్లో కొన్నిటికి లెక్క ఖచ్చితంగా ఉంటుంది. నీలం రకాన్ని నీలంతో కలిపితే సగటున నాలుగోవంతు నలుపు, సగం నీలం, నాలుగోవంతు తెల్లటి మీద చిందినట్టుండే స్ప్లాష్ వస్తాయి. చారల రకంలో చారల జన్యువు జెడ్ అనే లింగ క్రోమోజోము మీద ఉంటుంది. పుంజుకు రెండు పడొచ్చు, పెట్టకు ఒకటే. అందుకే రెండు పడ్డ పుంజు పెట్టకంటే లేతగా కనపడుతుంది, అది తప్పు కాదు.

గుడ్డు రంగుకు అలాంటి లెక్క లేదు. చాలా జన్యువులు కలిసి ఇచ్చే గుణమది. 8వ అంకె గుడ్డు పెట్టే తల్లికి 8వ అంకె కూతుళ్లే పుట్టరు, ఎక్కువమంది తల్లికీ మంద సగటుకూ మధ్యలో ఆగుతారు. దాన్ని చూసి నిరుత్సాహపడనక్కర్లేదు. సగటు తరానికి అర అంకె కదిలినా మంచి పని జరిగినట్టే.

ఐదో అడుగు: పుంజును తేల్చడం

పెట్టకు జెడ్ క్రోమోజోము ఒక్కటే ఉంటుంది, అది తండ్రి ఇచ్చిందే. ఆ క్రోమోజోము మీద రంగును ప్రభావితం చేసేది ఏదున్నా కూతురికి తల్లి నుంచి రాదు. తల్లి దగ్గరున్నది కొడుకు ద్వారా మనవరాలికి చేరుతుంది. అందుకే మీ అన్నిటికంటే మంచి పెట్టను దాని కూతుళ్లను బట్టి కాదు, కొడుకుల ద్వారా వాడుకోవాలి.

కుర్ర పుంజుల ఎంపిక పొదగవేసే గుడ్డు దగ్గరే మొదలవుతుంది. కాలం చివర కూడా రంగు నిలిపిన పెట్టల గుడ్లను విడిగా గుర్తుపెట్టి, వాటి మగపిల్లల్నే పుంజులుగా పెంచండి. అక్కచెల్లెళ్లు గుడ్డుకొచ్చాక వాళ్ల అంకెలు చూడండి. తల్లి 7, అక్కచెల్లెళ్లు 4, 4, 5, 7 అయితే ఆ పుంజు మీద నమ్మకం పెట్టుకోవద్దు. అందరూ 6 దగ్గర ఉన్న పుంజు మేలు.

అసలు తీర్పు కూతుళ్లది. రెండు పుంజులను, రంగులో సమానంగా ఉన్న ఐదారు పెట్టల గుంపులతో విడివిడిగా కలిపి, ఒకే కాలంలో పిల్లలు తీయండి. ఒక్కో పుంజుకు పది మంది కూతుళ్ల దాకా కావాలి. గుడ్లలో 80 శాతం విత్తనం కట్టి, వాటిలో 75 శాతం పిల్లలైతే 40 గుడ్లకు 24 పిల్లలు, అందులో ఆడవి 12. పెరిగేటప్పుడు ఒకటి రెండు పోయినా పది మిగులుతాయి. రెండు గుంపుల కూతుళ్లకూ ఒకే దాణా, ఒకే వెలుతురు ఇచ్చి ఒకే వయసులో అంకెలు వేయండి. ఒకదాని సగటు 5.5, ఇంకోదాని సగటు 6.5 వస్తే పెట్టలు సమానం కాబట్టి ఆ తేడా పుంజులదే. ఈ జవాబు వచ్చేసరికి పుంజుకు రెండేళ్లు దగ్గరపడతాయి. అప్పటిదాకా దాన్ని తీసేయకుండా ఉంచుకోవడమే ఇందులో కష్టమైన భాగం.

పుంజు మార్చినప్పుడు మూడు వారాలు ఆగండి. పెట్ట కడుపులోని సన్నని గొట్టాల్లో పాత పుంజు వీర్యం రెండు మూడు వారాలు నిలవుంటుంది. తొందరపడితే తండ్రి ఎవరో తెలియని పిల్లలు పుట్టి ఏడాది లెక్కంతా పాడవుతుంది.

ఆరో అడుగు: పొదిగించడం

ముదురు గుడ్లు పొదగడం మామూలు గుడ్ల కంటే కష్టం, అందులోంచి నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది. గుడ్డు కడగొద్దు, కడిగితే పైపొర పోయి క్రిములకు దారి దొరుకుతుంది. మట్టి అంటిన గుడ్లు పక్కన పెట్టేయండి. 13 నుంచి 16 డిగ్రీల చల్లని చోట, సన్న కొన కిందికి పెట్టి, 7 రోజులు దాటకుండా యంత్రంలో వేయండి. ఫ్రెంచ్ ప్రమాణం పొదగవేసే గుడ్డుకు 65 గ్రాములు అడుగుతుంది, మందను రెండో ఏడాది పెట్టల మీద నడిపితే ఇది కష్టం కాదు. సుద్ద పట్టినవీ, నడుము కట్టినవీ, గుండ్రంగా బంతిలా ఉన్నవీ వద్దు.

ఫ్యాను ఉన్న యంత్రంలో 37.5 డిగ్రీలు. మొదటి 18 రోజులు తేమ 35 నుంచి 45 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70. మామూలు గుడ్లకిచ్చే 50, 55 శాతం తేమ వీటికిస్తే గాలిగది చిన్నదైపోయి, పూర్తిగా ఎదిగిన పిల్ల పెంకు లోపలే ముక్కు మునిగి చనిపోతుంది.

దీపం పెట్టి చూద్దామంటే ముదురు పెంకులోంచి వెలుతురు రాదు. 7వ రోజు కాదు, 10వ రోజు చీకటి గదిలో గట్టి టార్చితో చూడండి. అంతకంటే నమ్మదగింది తక్కెడ. 18వ రోజుకు గుడ్డు బరువులో 11 నుంచి 13 శాతం తగ్గాలి. 70 గ్రాముల గుడ్డు 7వ రోజుకు 66.7 గ్రాములు, 18వ రోజుకు 61.6 గ్రాముల దగ్గరుండాలి. 7వ రోజున 68 చూపిస్తే తేమ తగ్గించండి. ఒక్క గుడ్డు కాదు, పది గుడ్ల సగటు చూడండి.

పుట్టిన రోజే కాలివేళ్ల మధ్య పొరకు చిన్న రంధ్రం వేసి వంశం గుర్తుపెట్టండి. రెండు కాళ్లకూ కలిపి నాలుగు పొరలు, రంధ్రం ఉన్నా లేకపోయినా ఒక గుర్తే కాబట్టి 16 రకాలు దొరుకుతాయి. పదునైన పంచి వాడి, తెగిన ముక్క పూర్తిగా ఊడిందో లేదో చూడండి, వేలాడుతుంటే మళ్లీ అతుక్కుపోతుంది. వెనకటి నోట్‌బుక్కులో అదే రోజు రాసుకోవాలి, మర్నాటికి వాయిదా వేస్తే ఏ పిల్ల ఎవరిదో మిగలదు.

ఏడో అడుగు: ఏరివేత

పుట్టగానే అడ్డ ముక్కు, వంకర వేళ్లు ఉన్నవి తీస్తారు. వంకర వేళ్లు ఒకేసారి చాలా పిల్లల్లో కనపడితే వంశాన్ని తప్పుపట్టే ముందు పెట్టల దాణా చూడండి. రైబోఫ్లావిన్ తక్కువైతే పిల్లల వేళ్లు లోపలికి ముడుచుకుపోతాయి. 8 వారాలకు తురాయి, కాలి ఈకలు, అరికాలు చూస్తారు. 16 వారాలకు ఒంటి ఆకారం, తోక. ఈకల రంగు మీద తీర్పు మాత్రం పెద్ద ఈకలు వచ్చేదాకా ఆపుకోండి. పెట్టల్లో గుడ్డు చూడకుండా ఆఖరి ఏరివేత చేయొద్దు. ఈకల్లో చిన్న లోపమున్న 7వ అంకె పెట్టను 12 వారాలకే తీసేస్తే మందకు జరిగిన నష్టం ఎవరికీ తెలియదు కూడా.

రంగు హఠాత్తుగా పడిపోతే

వంశాన్ని అనుమానించే ముందు ఇవి వరసగా చూడండి. మంద అంతా ఒకేసారి పాలిపోయిందా, ఒక్క పెట్టేనా? అంతా ఒకేసారైతే కారణం బయటిది. కాక్సిడియా వ్యాధికి వాడే నైకార్బజిన్ కలిసిన దాణా పెట్టలకు వెళితే ఒకటి రెండు రోజుల్లోనే గోధుమ గుడ్లు తెల్లబడతాయి, గుడ్లు సరిగ్గా పొదగవు కూడా. అది ఆపితే రంగు తిరిగొస్తుంది. ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్, ఎగ్ డ్రాప్ సిండ్రోమ్ అనే వైరస్ జబ్బులు వచ్చిన మందలో రంగుతో పాటు పెంకూ పలచబడుతుంది, ముడతలు పడుతుంది, ఇలాంటప్పుడు పశువైద్యుణ్ని పిలవండి. రాత్రిళ్లు గూట్లో ఎర్రపేలు పట్టి పీల్చినా, ఎండ దెబ్బ తగిలినా, కొత్త కోడిని మందలో వదిలినా రంగు తగ్గుతుంది. దండెం అడుగున తెల్లటి గుడ్డతో రాత్రి తుడిచి చూడండి, ఎర్రటి మరకలు పడితే పేలున్నట్టే.

ఒక్క పెట్టే క్రమంగా పాలిపోతుంటే అది కాలం చివరి అలసట. ఈకలు రాల్చుకుని మళ్లీ మొదలుపెట్టాక ముదురుతుంది.

రంగు పెంచే మేతలు, మందుల కోసం వెతకొద్దు. వర్ణద్రవ్యాన్ని పెంకు గ్రంథే తయారుచేసుకుంటుంది, మేతలో రంగు పోస్తే అక్కడికి చేరదు. 16 నుంచి 17 శాతం మాంసకృత్తులున్న దాణా, విడి తొట్టిలో ఆలిచిప్పల పొడి, నీడ, నిశ్శబ్దం చాలు.

రక్తం పలచబడకుండా

మూడు గుంపులకు మూడు రంగుల కాలి ఉంగరాలు వేయండి. కూతుళ్లు ఎప్పుడూ తల్లి గుంపులోనే ఉంటారు. కొడుకులు పక్క గుంపుకు వెళతారు: ఎరుపు నుంచి నీలానికి, నీలం నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు. ఏటా ఇదే దిశ. అన్నాచెల్లెళ్లు కలవరు, బయటి కోడీ అక్కర్లేదు.

అయినా విత్తనం కట్టడం తగ్గుతూ, పిల్లలు నీరసంగా పుడుతుంటే బయటి రక్తం తేవాల్సిందే. వెల్సమర్ తెచ్చి కలిపితే గుడ్డు రంగు నిలుస్తుందనుకుంటారు. దాంతోపాటు పసుపు కాళ్లు, వేరే ఈకల నమూనా వచ్చి చేరతాయి, వాటిని బయటికి పంపడానికి ఎన్నో తరాలు పడుతుంది. అదే జాతి, అదే ప్రమాణం, లెక్కలున్న మరో మంద నుంచి తెచ్చుకోండి. పుంజును కాదు, పెట్టను. దాని గుడ్డు మీ కళ్లెదుటే అంకె వేసి చూసుకోవచ్చు. కొత్త కోడిని 30 రోజులు విడిగా ఉంచి, తర్వాత మీ తేలిన పుంజుతో ఒంటరిగా కలపండి. పుట్టిన కూతుళ్లు కాలం చివరిదాకా గుడ్డు పెట్టి మందతో సమానంగా అంకె తెచ్చుకున్నాక, ఆ పెట్ట కొడుకుల్లో ఒకదాన్ని ఒక్క గుంపులోకి మాత్రమే వదలండి. మిగతా రెండు గుంపులనూ మరో తరం దాకా ముట్టుకోవద్దు, ఈ కలయిక చెడితే వెనక్కి రావడానికి మిగిలేవి అవే.